ఫొటో అమ్ముడుపోయింది, టీ డబ్బులు రాలేదు

(తెర మీద: చీమకుర్తి గ్రానైట్ క్వారీ, పొద్దున్నే పడే ఏటవాలు ఎండ)

ఈ ఫొటో కోసం ఒంగోలు నుంచి తెల్లారకముందే బండేసుకుని వెళ్లాను. రానూపోనూ 40 కిలోమీటర్లు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలు కనిపిస్తాయి. పొద్దెక్కితే వట్టి నల్లబండే. తెచ్చి ఒక స్టాక్ సైట్‌లో, అంటే ఫొటోల్ని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే సైట్‌లో పెట్టాను. మొదటి డౌన్‌లోడ్ పడగానే ఎగిరి గంతేశాను. లెక్క చూస్తే టీ డబ్బులు కూడా రాలేదు.

మూఢం వస్తే పెళ్లి ఆర్డర్లు ఉండవు. ఆ ఖాళీలోనే మన ఫొటోగ్రాఫర్లు చాలామంది ఈ సైట్ల వైపు చూస్తారు. చూడండి, తప్పు లేదు. కానీ అక్కడ అమ్మేది ఫొటోని కాదు, వాడుకునే అనుమతిని. అదే లైసెన్స్.

(తెర మీద: నెల్లూరు వరి పొలం)

పాత పద్ధతి పేరు రైట్స్ మేనేజ్డ్. పొలం కౌలుకిచ్చినట్టే. ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారో మాట్లాడుకుని రేటు కడతారు. రాయల్టీ ఫ్రీ అనే రెండో పద్ధతిలో ఆ బేరం లేదు. పేరు చూసి ఉచితమనుకోకండి. కొన్నవాళ్లు ఒక్కసారి కడితే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అడోబీ స్టాక్ అనే సైట్‌లో స్టాండర్డ్ లైసెన్స్ తీసుకుంటే 5 లక్షల ప్రింట్ల దాకా వేసుకోవచ్చు. ప్రింట్లు పెరిగాయని మనకి అదనంగా ఏమీ రాదు. అదే ఫొటోని ఇంకెంతమందికైనా అమ్ముతారు.

2000లో ఐస్టాక్‌ఫొటో అనే సైట్ మొదలయ్యాక రేట్లు డాలరు, రెండు డాలర్లకి దిగాయి. సరదాగా తీసేవాళ్లకి అది బోనస్. దాని మీదే బతికేవాళ్లకి మాత్రం గొంతులో వెలక్కాయ. 2006లో గెట్టీ అనే పెద్ద ఫొటో ఏజెన్సీ ఆ కంపెనీని 5 కోట్ల డాలర్లకి కొనేసింది. 2020లో తన క్రియేటివ్ ఫొటోలకి, అంటే వార్తలవి కాకుండా ప్రకటనల్లాంటి వాటికి వాడేవాటికి, పాత కౌలు పద్ధతినే ఎత్తేసింది.

(తెర మీద: 15 నుంచి 40 శాతం వరకు మెట్లు)

అదే ఏడాది జూన్‌లో షటర్‌స్టాక్ అనే ఇంకో సైట్, అమ్మకంలో మనకిచ్చే వాటాకి ఈ మెట్లు పెట్టింది. ఎన్ని డౌన్‌లోడ్లు అయితే అంత పై మెట్టు. మొదటి మెట్టులో 15 శాతం, డౌన్‌లోడ్‌కి కనీసం 10 సెంట్లు. అసలు మెలిక ఇక్కడుంది: జనవరి 1న అందరూ మళ్లీ కింది మెట్టుకే. ఏడాదంతా కష్టపడి ఎక్కితే సంక్రాంతికి ముందే దించేస్తారన్నమాట.

(తెర మీద: నెల్లూరు స్వర్ణాల చెరువు, రొట్టెల పండగ)

మరి రొట్టెల పండగ ఫొటోలు? మొహాలు గుర్తుపట్టేలా ఉండి, వాళ్ల సంతకంతో మోడల్ రిలీజ్, అంటే ఫొటో వాడుకోవచ్చనే ఒప్పుకోలు కాగితం, లేకపోతే అవి ఎడిటోరియల్‌కే. అంటే వార్తలకి సరే, ప్రకటనలకి కుదరదు. చెరువులో నిలబడి రొట్టె పట్టుకున్నామెని సంతకం ఎలా అడుగుతాం?

పెళ్లి ఫొటోలు పెట్టేద్దామా అని ఒక తమ్ముడు అడిగాడు. వద్దు నాయనా! 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. కెమెరా మనదే, హక్కు పెళ్లివారిది.

నేనైతే ఇప్పుడు సూర్యోదయాలు, ఆకులు, కాఫీ కప్పుల్లాంటివే సైట్లకి వదులుతున్నాను. మన దగ్గర తప్ప దొరకనివి నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

(తెర మీద: దుమ్ము లేపుతున్న ఒంగోలు గిత్త)

ఈ గిత్త ఫొటో ఒక దాణా కంపెనీవాళ్లు అడిగారు. రైతు చేత ముందే సంతకం పెట్టించుకున్నాను. బిల్లు మీద ‘ఒక ఏడాది, క్యాలెండర్‌కి మాత్రమే’ అని రాశాను. ఈమధ్య ఫోన్ చేసి, బస్తాల మీద కూడా వేసుకుంటామన్నారు. వేసుకోండి సార్, దానికి వేరే బిల్లు పంపిస్తాను అన్నాను.