ఎఫ్-1 డ్రైవర్ జీతం సరే, ముందు ఫీజు సంగతి మాట్లాడదాం

బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద అర్ధరాత్రి కారు 140లో తోలే ప్రతివాడి పక్కసీట్లో ఒక ఫ్రెండ్ ఉంటాడు. "నువ్వు ఫార్ములా వన్‌లో ఉండాల్సినోడివిరా" అంటాడు. పోనీలే, కుర్రాళ్లు. నాకు ఒళ్లు మండేది ఆ తర్వాతి మాటకి: "వాళ్లకి కోట్లలో జీతాలంట!"

ఉంటాయండీ. 2026 లెక్క ప్రకారం పదకొండు టీములు, టీముకి ఇద్దరు, మొత్తం 22 మంది. కోట్లు అక్కడ. అక్కడికి చేరేదాకా మాత్రం మామూలుగా డ్రైవర్‌కి ఎవరూ జీతం ఇవ్వరు. ఏళ్ల తరబడి డ్రైవరే టీముకి ఎదురు డబ్బు కట్టి తోలుతాడు.

విజయవాడ వాళ్లకి ఇది చెప్పడం తేలిక. మన ఊళ్లో ఇంటర్ కాలేజీలు ఎలా నడుస్తాయో సింగిల్ సీటర్ రేసింగ్, అంటే ఎఫ్-4 నుంచి ఎఫ్-1 దాకా ఒక్క సీటు కార్ల రేసింగ్, అచ్చం అలాగే నడుస్తుంది.

(స్క్రీన్ మీద: కార్టింగ్ నుంచి ఎఫ్-4, ఎఫ్-3, ఎఫ్-2, ఎఫ్-1 దాకా మెట్లు)

ఏడెనిమిదేళ్లకి కార్టింగ్, అంటే చిన్న కార్ట్ బండ్ల రేసులు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటూ చేర్పిస్తారు చూశారా, అదన్నమాట. పదిహేనేళ్లు నిండాక ఎఫ్-4, సుమారు 180 హార్స్‌పవర్. ఎఫ్-3లో 380, ఎఫ్-2లో 620.

ఇప్పుడు అసలు తమాషా. ఎఫ్-2లో అందరిదీ ఒకే కారు. డల్లారా కంపెనీ చాసిస్ (కారు బాడీ), మెకాక్రోమ్ 3.4 లీటర్ల టర్బో ఇంజన్, పిరెల్లి టైర్లు. అంటే అందరికీ ఒకే క్వశ్చన్ పేపర్. మరి ఒక టీములో ఫీజు ఎక్కువ, ఇంకో టీములో తక్కువ ఎందుకు? సిలబస్ ఒకటే అయినా లెక్చరర్లు ఒకటి కాదు కదా! రేసున్న వారం మొత్తమ్మీద ప్రాక్టీస్‌కి దొరికేది 45 నిమిషాలు, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌కి 30 నిమిషాలు. ఆ కాస్త టైములో కారు సెటప్ కుదరాలంటే మంచి ఇంజనీర్లుండాలి, ఊరు కదలకముందే సిమ్యులేటర్‌లో ఆ ట్రాక్‌ని నమిలి మింగించాలి. ఆ ఇంజనీర్లకే డబ్బు. ఎఫ్-2లో ఒక్క సీజన్‌కి మన లెక్కలో 20 కోట్లు దాటుతుందని ఆ రంగంలో వాళ్లే చెబుతారు. ఇల్లు అమ్మినా చాలదు, వీధి అమ్మాలి.

మరి పేదవాడు? మన దగ్గర స్టేట్ ర్యాంకు వచ్చేలా ఉన్నవాడికి ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ, ఫ్లెక్సీ మీద ఫొటో. అక్కడ ఆ పని చేసేవి ఎఫ్-1 టీముల జూనియర్ అకాడమీలు. ఎఫ్-1 ఛాంపియన్ లూయిస్ హామిల్టన్ తండ్రి కొడుకు కార్టింగ్ కోసం రెండు మూడు ఉద్యోగాలు చేశాడు. 1998లో మెక్‌లారెన్ అనే ఎఫ్-1 టీము ఆ కుర్రాణ్ని 13 ఏళ్లకే తీసుకుంది. 2007లో అదే టీములో ఎఫ్-1 ఎక్కాడు. ఇంకో ఛాంపియన్ వెటెల్ రెడ్ బుల్ టీము అకాడమీ పిల్లాడు. కానీ వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేస్తారే, రెడ్ బుల్ వాళ్లు అంతకన్నా కఠినం, ఏకంగా బయటికే పంపేస్తారు.

ఎఫ్-1 తోలాలంటే కటాఫ్ కూడా ఉంది. దాని పేరు సూపర్ లైసెన్స్. మూడు సీజన్లలో 40 పాయింట్లు తెచ్చుకోవాలి. ఎఫ్-2లో మొదటి మూడు స్థానాలకి 40, ఎఫ్-3 ఛాంపియన్‌కి 30, ఎఫ్-4 ఛాంపియన్‌కి 12. మాక్స్ వెర్‌స్టాపెన్ అనే కుర్రాడు 2015లో 17 ఏళ్లకే ఎఫ్-1లోకి రావడంతో గోల మొదలై, తర్వాతి ఏడాది నుంచి 18 నిండాలన్న రూలు పెట్టారు. ఈమధ్య 17కి కూడా ప్రత్యేక అనుమతి ఇస్తున్నారు. అన్నట్టు, 18 రూలుతో పాటే రోడ్డు మీద తోలే మామూలు లైసెన్సు కూడా ఉండాలన్నారు. హెల్మెట్ లేకుండా తిరిగే మనవాళ్లు ఇది గమనించాలి.

సరే, ర్యాంకు వచ్చింది, కటాఫ్ దాటాడు. సీటు వస్తుందా? 2022 ఎఫ్-2 ఛాంపియన్ డ్రుగోవిచ్. ఎఫ్-1లో రిజర్వ్ డ్రైవర్‌గా కూర్చున్నాడు తప్ప రేసు సీటు దొరకలేదు. 2023 ఛాంపియన్ పూర్షేర్‌కీ అంతే. 2021 ఛాంపియన్ పియాస్త్రి అంతటివాడే ఏడాదంతా ఖాళీగా ఉండి 2023లో మెక్‌లారెన్‌లో కూర్చున్నాడు. పోనీ లాంగ్ టర్మ్ తీసుకుందామా? ఎఫ్-2 ఛాంపియన్ మళ్లీ ఎఫ్-2లో పోటీ చేయకూడదు. ఫస్ట్ ర్యాంకర్‌కి లాంగ్ టర్మ్ లేదు! ఈ రూలు రాసినవాడికి దండం పెట్టాలి.

మనవాళ్ల సంగతి. కోయంబత్తూరు నుంచి నారాయణ్ కార్తికేయన్, 2005లో జోర్డాన్ టీము. అదే ఏడాది అమెరికాలో టైర్ల గొడవతో ఆరు కార్లే పరిగెత్తిన రేసులో నాలుగో స్థానం, 5 పాయింట్లు. ఎఫ్-1లో భారతీయ డ్రైవర్ తెచ్చిన పాయింట్లు ఇప్పటికీ అవే. చెన్నై నుంచి కరుణ్ చందోక్, 2010లో. ముంబై జెహాన్ దారువాలా ఎఫ్-2లో రేసులు గెలిచినా పైకి వెళ్లలేకపోయాడు. బెంగళూరు కుష్ మైనీ 2025లో మొనాకోలో ఎఫ్-2 స్ప్రింట్ (పొట్టి రేసు) గెలిచాడు. కోయంబత్తూరులో, చెన్నై దగ్గర ట్రాకులున్నాయి, అందుకే అక్కడివాళ్లు ముందొచ్చారని నా అభిప్రాయం. మనం పినాకిని ఎక్కి చెన్నై దిగి, అక్కణ్నుంచి శ్రీపెరంబుదూరు వైపు వెళ్లాలి. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో ఫార్ములా-ఈ, అంటే కరెంటు కార్ల రేసు జరిగింది, 2024ది రద్దయింది. దాని గురించి మాట్లాడితే నాకు బీపీ.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. మెడ: బ్రేక్ వేసినప్పుడు, మలుపుల్లో తల బరువు నాలుగైదు రెట్లవుతుంది, అందుకే మెడకి వేరే వ్యాయామాలు. స్పాన్సర్లు: సగం జీవితం వాళ్ల చుట్టూ తిరగడమే. మొదలు పెట్టాలంటే: కార్టింగ్, ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ రేసుల సంఘం) లైసెన్సు, ఆ తర్వాత 2023లో మొదలైన ఇండియన్ ఎఫ్-4. ఎఫ్-1 రాకపోతే: ఫార్ములా-ఈ, అమెరికాలో ఇండీకార్, జపాన్‌లో సూపర్ ఫార్ములా, లె మాన్ లాంటి ఓర్పు రేసులు. కార్తికేయనే ఎఫ్-1 తర్వాత జపాన్ వెళ్లి ఏళ్లపాటు తోలాడు. జీతం ఎంత అని అడగాలనుంటే వీళ్లని అడగండి, వీళ్లలో చాలామందికి నెలనెలా పడుతుంది.