నాలుక చేప నోరు చూశాకే గాలం

నమస్కారం. నా వెనక కనిపిస్తున్నది ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరం. గాలం తీసే ముందు ఈ పళ్ళెం చూడండి. ఇది నాలుక చేప. పేరు ఎందుకు వచ్చిందో చూస్తేనే తెలుస్తోంది కదా!

దీన్ని టేకు చేప (స్టింగ్‌రే, తోకలో ముల్లుండే బల్లపరుపు చేప) పిల్ల అనుకునేవారున్నారు. టేకు పొట్ట మీద పడుకుంటుంది, ఇది పక్కకు తిరిగి పడుకుంటుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు దీనికీ మామూలు చేపల్లాగే తలకు చెరో పక్క ఒక కన్ను ఉంటుంది. తర్వాత ఒక కన్ను మెల్లగా అవతలి పక్కకు జరుగుతుంది. ఇదిగో, రెండూ ఎడమ పక్కనే ఉన్నాయి, ఆవగింజల్లా. పై పక్క ఇసుక రంగు, తిప్పితే కింది పక్క పాలిపోయిన తెలుపు. వీపు రెక్క, తోక, కింది రెక్క కలిసిపోయి చుట్టూ అంచు కుట్టినట్టు ఉంటాయి.

ఇక నోరు. వంగిన ముక్కు కింద వంకరగా ఒక చిన్న చీలిక, అంతే! ఇది గమనించక నేను చాలా రోజులు పెద్ద కొక్కేనికి నిండు రొయ్య గుచ్చి విసిరాను. ఎర మాయమయ్యేది, చేప వచ్చేది కాదు. పీతలను తిట్టుకునేవాడిని. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నవ్వి, "దాని నోరు ఎప్పుడైనా చూశావా నాయనా?" అన్నాడు.

అందుకే ఇప్పుడు 8 లేదా 10 నంబరు కొక్కెం వాడుతున్నాను. ఈ కొక్కేలకు నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది, దుకాణంలో పొరబడకండి. ఎరగా ఇసుక పురుగు, లేదా గోరంత రొయ్య ముక్క. ఎర నీళ్ళలో తేలితే లాభం లేదు, అడుగున ఇసుకను అంటుకునే ఉండాలి. అందుకే తీగకు సీసం గుండు కట్టి, విసిరాక కాస్త కాస్తగా లాగుతాను. లాగినప్పుడు లేచే ఇసుకే దీన్ని పిలుస్తుందని నా నమ్మకం.

ఇదే తరహా చేపల్లో పెద్ద నోరు, పదునైన పళ్ళు ఉన్నదీ ఒకటుంది, ఇండియన్ హాలిబట్. దానికి కళ్ళు కుడి పక్కన ఉండవచ్చు, ఎడమ పక్కనా ఉండవచ్చు. శాస్త్రీయ నామం సెట్టోడెస్ ఎరుమెయి. తమిళంలో ఎరుమై అంటే గేదె. మనకు ఉత్త నాలుక, పక్క రాష్ట్రానికి గేదె నాలుక! అది చిన్న చేపలను వేటాడుతుంది కనుక ఈ పురుగు ఎర దానికి ఆనదు.

ఇక నీళ్ళలోకి దిగుతున్నాను. పాదాలు ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడుస్తున్నాను, చూడండి. ఇందాక చెప్పిన టేకు ఇసుకలో దాగి ఉంటే అలికిడికి తప్పుకుంటుంది. దాని మీద కాలు వేస్తే తోక ముల్లు దిగుతుంది, అందులో విషం ఉంటుంది.