గొంతు లేకుండా గంటసేపు

తమ్ముడు: అక్కా, చిన్నప్పుడు కాలవలో గేలం వేస్తే జెల్ల పడేది, గుర్తుందా? పైకి లాగగానే కీచుకీచుమనేది. నోటితోనే అరుస్తోందనుకునేవాణ్ని.

అక్క: చాలామంది అలాగే అనుకుంటారురా. కానీ జెల్ల అరిచేది భుజంతో. మొప్పల వెనక రెండు పక్కలా గట్టి ముల్లు ఉంటుంది చూడు...

తమ్ముడు: దాన్నెలా మర్చిపోతాను! గుచ్చుకుంటే రాత్రంతా సలుపే.

అక్క: ఆ ముల్లు మొదట్లో గీతలు గీతలుగా ఉన్న ఎముక అంచు ఉంటుంది. అది భుజం ఎముకలోని గాడిలో కూర్చుంటుంది. ముల్లు ఊపినప్పుడు ఆ గీతలు గాడికి రాసుకుంటాయి. దువ్వెన పళ్ల మీద గోరు లాగినట్టన్నమాట. పట్టుకున్నప్పుడు నీ వేళ్లకి తెలిసిన ఆ వణుకు అదే.

తమ్ముడు: అయితే చేపలకి గొంతే లేదా?

అక్క: మన గొంతు పలకాలంటే ఊపిరితిత్తుల్లోంచి గాలి తన్నుకు రావాలి. మొప్పలతో బతికే చేపకి ఆ దారి లేదు. కానీ చాలా చేపల కడుపులో, వెన్నెముక కింద, గాలితిత్తి ఉంటుంది. చేప కోసేటప్పుడు తెల్లగా బుడగలా బయటపడుతుందే, అది. నీళ్లలో తేలడానికి పనికొచ్చే ఆ తిత్తినే కొన్ని చేపలు వాయిద్యంగా వాడుకున్నాయి.

తమ్ముడు: మద్దెలలాగా?

అక్క: నేనూ మొదట మద్దెలే అనుకున్నాను. కానీ మద్దెల మీద ఒక దెబ్బ వేస్తే కాసేపు మోగుతూనే ఉంటుంది. ఈ తిత్తి అలా మోగదు, చుట్టూ ఉన్న మాంసం ఆ కదలికని వెంటనే అణిచేస్తుంది. అందుకే సెకనుకి వంద కంపనాల శబ్దం కావాలంటే కండరం సెకనుకి వందసార్లు బిగుసుకుని వదలాల్సిందే.

తమ్ముడు: వందసార్లా! నా కాలు సెకనుకి పదిసార్లు కూడా ఆడదు.

అక్క: అమెరికా తూర్పు తీరంలో టోడ్‌ఫిష్ అని ఉంది, దాని తిత్తికి అంటుకున్న కండరాలు సెకనుకి 200 సార్ల దాకా ఆడతాయి. వెన్నెముక ఉన్న జీవుల్లో అత్యంత వేగమైన కండరాల్లో అదొకటి. కండరం బిగియాలంటే లోపల కాల్షియం విడుదలవ్వాలి, వదలాలంటే ఆ కాల్షియాన్ని మళ్లీ లాగేసుకోవాలి. మన కండరాల్లో ఈ లాగేసుకోవడం నిదానం. టోడ్‌ఫిష్ కండరంలో కాల్షియం పంపులు చాలా ఎక్కువ. పంపులకి అంత చోటిస్తే బలానికి చోటు తగ్గుతుంది. అందుకే వేగం ఉంటుంది గానీ బలం తక్కువ. ఆ కండరంతో ఈదడం కుదరదు, పాడటం కుదురుతుంది అంతే. నాకు మాత్రం ఈ బేరం ఎంత చెప్పుకున్నా తనివి తీరదు.

తమ్ముడు: దీని చుట్టాలే కాలిఫోర్నియాలో జనానికి నిద్ర లేకుండా చేశాయన్నావు కదా?

అక్క: మిడ్‌షిప్‌మన్ అనే చేప. 1980లలో, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన సాసలిటోలో పడవ ఇళ్లలో ఉండేవాళ్లకి వేసవి రాత్రులు కింద నుంచి ఒకటే హోరు. మురుగు పంపులని కొందరు, నేవీ వాళ్ల రహస్య పరికరమని కొందరు అనుమానపడ్డారు. తీరా చూస్తే మగ చేపలు! ఒడ్డున రాళ్ల కింద గూడు చేసుకుని, లోతు నీళ్ల నుంచి వచ్చే ఆడ చేపల్ని పిలుస్తూ సుమారు 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి వంద కంపనాలతో, గంటకి పైగా ఆపకుండా గుయ్‌మంటాయి. పడవ అడుగు ఆ శబ్దాన్ని ఇంట్లోకి మోసుకొచ్చేది.

తమ్ముడు: ఆడ చేపకి అది వినపడుతుందా, అంత లోతు నుంచి వస్తూ?

అక్క: అదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడ చేప చెవే మారిపోతుంది. మగ చేప పాటలో 100తో పాటు 200, 300 హెర్ట్జ్ పై పలుకులు కూడా ఉంటాయి. లోతు తక్కువ నీళ్లలో ఆ పై పలుకులే బాగా ముందుకి వెళ్తాయి. చలికాలంలో ఆమె చెవి వాటిని సరిగ్గా పట్టుకోలేదు. హార్మోన్లు పెరిగాక పట్టుకుంటుంది. 2004లో శాస్త్రవేత్తలు గుడ్లు పెట్టే కాలంలో లేని ఆడ చేపలకి హార్మోన్లు ఇచ్చి చూస్తే, వాటి చెవీ అలాగే పదునెక్కింది.

తమ్ముడు: వచ్చాక ఏం చేస్తుంది?

అక్క: రాతి అడుగున గుడ్లు అంటించి వెళ్లిపోతుంది. మగ చేప అక్కడే కాపలా. పొద్దుగూకితే మళ్లీ మొదలెడతాడు, ఇంకో ఆడ చేప కోసం.