క్లోరిన్‌కు ముప్పై ఐదున్నర ఎక్కడి నుంచి వచ్చింది?

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. ప్రోటాన్ల సంఖ్యకు న్యూట్రాన్ల సంఖ్యను కలిపితే పరమాణువు ద్రవ్యరాశి సంఖ్య వస్తుందని మనమందరం బడిలో చదువుకున్నవాళ్లమే. అయితే క్లోరిన్ ఎదురుగా 35.5 అని వేసి ఉండడం చూసిన విద్యార్థికి, కేంద్రకంలో అర న్యూట్రాన్ కూడా ఉంటుందా అనే అనుమానం రాకమానదు.

మాస్టారు: రావాలి కూడానమ్మా. ఆ అనుమానం రాలేదంటే సూత్రాన్ని బట్టీపట్టాడనే నేను అనుకుంటాను. ద్రవ్యరాశి సంఖ్య అనేది కేంద్రకంలోని కణాల లెక్క గనుక అది ఎప్పుడూ పూర్ణసంఖ్యే. క్లోరిన్‌కు 17 ప్రోటాన్లు ఉండి తీరాలి; ఒకటి తగ్గితే గంధకం, ఒకటి పెరిగితే ఆర్గాన్ అవుతుంది. న్యూట్రాన్ల విషయంలో అంత పట్టింపు లేదు. ప్రకృతిలో దొరికే క్లోరిన్ పరమాణువుల్లో నూటికి దాదాపు 76 పరమాణువులకు 18 న్యూట్రాన్లు, మిగిలిన 24కు 20 న్యూట్రాన్లు ఉంటాయి కాబట్టి, వాటి ద్రవ్యరాశి సంఖ్యలు వరుసగా 35, 37 అవుతాయి. పుస్తకంలోని 35.5 న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉన్న ఈ రెండు రకాల, అంటే ఐసోటోపుల, సగటు మాత్రమే.

వ్యాఖ్యాత: మరి ఎలక్ట్రాన్లను ఎందుకు వదిలేస్తున్నాం?

మాస్టారు: ఒక్కో ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్‌లో దాదాపు 1836వ వంతే. క్లోరిన్‌లోని 17 ఎలక్ట్రాన్లూ కలిసినా ఒక ప్రోటాన్‌లో నూరో వంతుకు చేరవు.

వ్యాఖ్యాత: మీరు చెప్పిన పాళ్లతో గుణిస్తే నాకు 35.48 వచ్చింది. ఆవర్తన పట్టికలో మాత్రం 35.45 అని ఉంది.

మాస్టారు: మంచి పని చేశావు, చాలామంది అక్కడిదాకా వెళ్లరు. నువ్వు లెక్కించినది కణాల సంఖ్యల సగటు, పట్టికలో ఉన్నది కొలిచిన ద్రవ్యరాశుల సగటు. కార్బన్-12 పరమాణువును సరిగ్గా 12గా తీసుకునే ప్రమాణంలో విడి ప్రోటాన్ 1.0073, విడి న్యూట్రాన్ 1.0087 తూగుతాయి. ఆ లెక్కన క్లోరిన్-35 పరమాణువు 35 కన్నా ఎక్కువ తూగాలి, కానీ అది 34.969 మాత్రమే తూగుతుంది. కణాలు కేంద్రకంగా బంధించబడేటప్పుడు శక్తి వెలువడుతుంది, ఆ శక్తికి సమానమైన ద్రవ్యరాశి తగ్గిపోతుంది. హీలియం-4లో ఇది మరింత స్పష్టం: విడివిడిగా 4.0319 తూగే నాలుగు కణాలు కేంద్రకంలో కలిశాక 4.0015 తూగుతాయి. అయినా కణాలు నాలుగే కాబట్టి ద్రవ్యరాశి సంఖ్య 4గానే నిలుస్తుంది.

వ్యాఖ్యాత: ఈ రెండు రకాల క్లోరిన్‌ను మొదట వేరుగా చూసింది ఎవరు?

మాస్టారు: పరమాణువులను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి చూపే మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ అనే పరికరాన్ని 1919లో రూపొందించిన శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆస్టన్. పరమాణు భారాలన్నీ హైడ్రోజన్ భారానికి పూర్ణగుణిజాలని 1815లో విలియం ప్రౌట్ చేసిన ప్రతిపాదనకు దాదాపు శతాబ్దంపాటు అడ్డుతగిలింది ఈ క్లోరినే. చిత్రమేమిటంటే, ఆస్టన్‌కు 35, 37 దొరికేనాటికి న్యూట్రాన్ ఎవరికీ తెలియదు. జేమ్స్ చాడ్విక్ దాన్ని కనుగొన్నది 1932లో. అంతవరకు కేంద్రకంలోనే కొన్ని ఎలక్ట్రాన్లు ఉండి, కొన్ని ప్రోటాన్ల ఆవేశాన్ని రద్దుచేస్తున్నాయని భావించేవారు.

వ్యాఖ్యాత: పట్టికలో ఆర్గాన్ 39.95తో ముందు, పొటాషియం 39.10తో తర్వాత ఉండడానికీ కారణం ఇదేనా?

మాస్టారు: ఇదే. పట్టికలో స్థానాన్ని నిర్ణయించేది ప్రోటాన్లే. ఆర్గాన్‌కు 18, పొటాషియంకు 19. అయితే ఆర్గాన్‌లో అత్యధిక భాగం 22 న్యూట్రాన్లున్న ఆర్గాన్-40, పొటాషియంలో అత్యధిక భాగం 20 న్యూట్రాన్లున్న పొటాషియం-39. భూమి మీది ఆర్గాన్-40లో దాదాపు అంతా రాళ్లలోని పొటాషియం-40 క్షయం వల్ల పుట్టినదే. ఆ మార్పులో ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారుతుంది కాబట్టి పరమాణు సంఖ్య 19 నుంచి 18కి దిగుతుంది, ద్రవ్యరాశి సంఖ్య మాత్రం 40గానే ఉంటుంది.