హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్ వచ్చిందా? ఫైలు అప్పుడే మూయకండి

నమస్కారం. మీ ఇంట్లో ఎవరికైనా బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చెయ్యాలన్నారా? అయితే ఆ ఫైలు తెచ్చి పక్కన పెట్టుకోండి. నేను చెబుతుంటే అందులో చూసుకుందురుగాని.

ఇదిగో, ఇది నమూనా రిపోర్టు. ఈ వరుస హెచ్‌బీఎస్ఏజీ, అంటే లివర్‌కి సోకే హెపటైటిస్ బి వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందేమో చూసే టెస్టు. ఎదురుగా నెగెటివ్. హమ్మయ్య అనుకుంటాం కదా? ఇంకొంచెం కిందికి రండి. యాంటీ హెచ్‌బీసీ టోటల్, ఇది పాజిటివ్. అంటే ఈ మనిషికి ఎప్పుడో, బహుశా చిన్నతనంలోనే, హెపటైటిస్ బి సోకి తగ్గింది. ఆ సంగతి తనకే తెలిసి ఉండదు. మీ ఫైల్లో ఈ వరుసే లేకపోతే అడిగి చేయించుకోండి. ఇందులోనే ఐజీఎం అని కొత్త ఇన్ఫెక్షన్‌కి చూసే రకం ఉంటుంది, అదొక్కటే చేస్తే చాలదు, పాత ఇన్ఫెక్షన్ అందులో దొరకదు. టోటల్ కావాలి.

తగ్గిందంటే పూర్తిగా పోయిందని కాదండీ. ఈ వైరస్ డీఎన్ఏ ఉంగరంలా చుట్టుకుని లివర్ కణాల కేంద్రకంలో ఉండిపోతుంది. మన రోగనిరోధక శక్తి దాన్ని లేవనివ్వదు, అంతే. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందిచ్చే కీమోతో ఆ కాపలా పోతుంది. దాత కణాలు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. పైగా సైక్లోస్పోరిన్, స్టెరాయిడ్లు లాంటి ఇమ్యూనిటీ తగ్గించే మందులు. ఆ సందులో వైరస్ లేస్తుంది, ఒక్కోసారి ఏడాది రెండేళ్లు గడిచాక కూడా. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న రోజుల్లో అన్నమాట. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే, ఎందుకంటే దీన్ని చాలావరకు రాకుండా ఆపగలం.

ఆపేది రోజుకో మాత్ర. ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ, కీమోకి ముందే మొదలుపెడతారు. డోసు కిడ్నీల పనితీరు చూసి డాక్టరే చెబుతారు. ఎంటెకావిర్ అయితే పరగడుపున వేసుకోవాలి. పొద్దున ఆరింటికి మాత్ర, ఎనిమిదింటికి ఇడ్లీ. కాఫీ కూడా ఆ తర్వాతే.

లివర్ టెస్టులు మామూలుగా ఉన్నాయని సొంతంగా ఆపేయకండి. ముందు రక్తంలో వైరస్ డీఎన్ఏ పెరుగుతుంది, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ పెరిగేది వారాల తర్వాత. ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఆపాక కూడా కనీసం ఏడాది ఈ మాత్ర నడుస్తుంది. కొన్ని రక్త క్యాన్సర్లకి ఇచ్చే రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లకి 18 నెలలు. ఆ మందుతో ఈ ప్రమాదం ఎంత గట్టిదంటే, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందు సమాచార పత్రంలో బాక్స్ కట్టి వేసే గట్టి హెచ్చరిక (బాక్స్‌డ్ వార్నింగ్) వేయించింది. మాత్ర ఆపాక కూడా కొన్నాళ్లు రక్తపరీక్షలు తప్పవు.

కళ్లు పచ్చబడితే పసరు మందుకి తీసుకెళ్లకండమ్మా, దండం పెడతాను. ఆ రోజే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడొక మార్కర్ తీసుకోండి. ఫైలు అట్ట మీద రాయండి: యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్, మాత్ర పేరు, మొదలుపెట్టిన తేదీ. ఊరెళ్లాక వేరే డాక్టరు చూసినా ముందు అదే కంటపడాలి.