ఎథిక్స్‌ని టెస్టింగ్ క్లాసులో చెప్పండి

"మనం కోడ్ రాస్తాం, మంచిచెడ్డలు మేనేజర్లు చూసుకుంటారు." ఇంజనీరింగ్ విద్యార్థుల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు జర్మన్ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ కేసు గుర్తొస్తుంది.

2015 సెప్టెంబర్‌లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఆ కంపెనీ మోసాన్ని బయటపెట్టింది. డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేర్ స్టీరింగ్ కదలికలు, వేగం, ఇంజన్ ఎంతసేపు నడిచిందన్నది గమనించి, కారు పొగ పరీక్ష కోసం ల్యాబ్‌లో రోలర్ల మీద ఉందని పసిగట్టేది. అప్పుడు మాత్రం పొగని పూర్తిగా శుద్ధి చేసేది. రోడ్డెక్కాక ఆ శుద్ధి తగ్గిపోయేది. నైట్రోజన్ ఆక్సైడ్లనే కాలుష్య వాయువులు పరిమితికి 40 రెట్ల దాకా వెలువడ్డాయి. ప్రపంచమంతా కలిపి సుమారు 1.1 కోట్ల కార్లు! జేమ్స్ లియాంగ్ అనే ఆ కంపెనీ ఇంజనీర్‌కి 2017లో జైలు శిక్ష పడింది. మేనేజర్ చూసుకుంటాడనుకుంటే సరిపోలేదు, చూశారా.

ఈ కేసుని ఎథిక్స్ పీరియడ్‌లో చెప్తే విద్యార్థి "మోసం తప్పు" అని రాసేసి మార్కులు తెచ్చుకుంటాడు. అది తెలియనిదెవరికి? దీన్నే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్లాసులో ఇచ్చి చూడండి. "కారు రోలర్ల మీద ఉంటే గుర్తించాలి" అని ఒక రిక్వైర్‌మెంట్ వచ్చింది. ఇందులో తప్పేమీ కనిపించదు. నిజంగానే అవసరం కూడా! రోలర్ల మీద రెండు చక్రాలే తిరుగుతుంటే, కారు జారిపోతోందని స్టెబిలిటీ కంట్రోల్ (కారు అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) పొరబడుతుంది. కాబట్టి గుర్తించడం న్యాయమే. గుర్తించాక పొగ శుద్ధిని మార్చడమే నేరం. ఆ రెండింటి మధ్య ఉన్నది కోడ్‌లో ఒక్క ఇఫ్ కండిషన్ ('ఇలా ఉంటే అలా చెయ్యి' అనే షరతు). దాన్ని కోడ్ రివ్యూలో, అంటే ఇంకొకరు రాసిన కోడ్‌ని తనిఖీ చేసేటప్పుడు, పట్టుకోగలరా? పట్టుకుంటే ఎవరికి, ఎలా రాసి పంపిస్తారు? నా దృష్టిలో నేర్పాల్సింది ఇది. ఇంకోటి: ఈ తేడా మొదట దొరికింది కారులో పరికరాలు పెట్టి రోడ్డు మీద కొలిచిన వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులకి. ల్యాబ్‌లో పాసైతే చాలనుకునే విద్యార్థులకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

పర్యావరణం కూడా వేరే చాప్టర్ కాదు. ఫోన్ వల్ల వచ్చే కార్బన్‌లో ఎక్కువ భాగం దాని తయారీలోనే వచ్చేస్తుంది. అంటే ఫోన్ ఎన్నేళ్లు పనిచేస్తుందన్నదే పెద్ద లెక్క. అప్‌డేట్లు ఆపేసేది, యాప్‌ని బరువెక్కించేది మన సాఫ్ట్‌వేర్ వాళ్లే. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. పద్ధతిగా రీసైకిల్ అయినట్టు లెక్కకి వచ్చింది అందులో పావు వంతు కూడా లేదు.

అధ్యాపకులకి నా విన్నపం: ప్రాజెక్ట్ వైవాలో రెండు ప్రశ్నలు చేర్చండి. ఇది ఐదేళ్ల పాత ఫోన్‌లో నడుస్తుందా? తప్పుగా పనిచేస్తే ముందు నష్టపోయేది ఎవరు? ఈ రెండింటికీ మార్కులు కూడా వేయండి.