పాస్టరుగారి సోమవారం

శ్రోతలకు నమస్కారం.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. పొద్దున్నే ఆరింటికి మొదటి ఆరాధన, ఆ తర్వాత రెండోది, మధ్యాహ్నం పక్క ఊళ్లో చిన్న సంఘం, సాయంత్రం యవ్వనస్థుల కూటం. అన్నీ ముగించుకుని పాస్టరుగారు ఇప్పుడే కంచం ముందు కూర్చున్నారు. పప్పన్నం కలిపారో లేదో ఫోను మోగింది. "అయ్యగారూ, రేపు పొద్దున్నే మా కొత్త ఆటోకి ప్రార్థన చెయ్యాలండీ." "అలాగే బాబూ, వస్తాను" అన్నారాయన. ఆయన భార్య, అమ్మగారు, ఏమీ అనలేదు. అనడం మానేసి చాలా కాలమైంది.

ఫోను చేసినాయన ప్రేమతోనే చేశాడు. ఒప్పుకున్నాయనా ప్రేమతోనే ఒప్పుకున్నాడు. ఇలా ఏడాదికి యాభై రెండు ఆదివారాలు, యాభై రెండు సోమవారాలు. దైవజనుడి ఆత్మీయ ఆరోగ్యం ఆయనకీ దేవుడికీ మధ్య వ్యవహారమని చాలామంది అనుకుంటారు. అందులో సగం నిజమే. మిగతా సగం సంఘం చేతుల్లో ఉంది. కానుకల పెట్టె తాళం ఎవరి దగ్గరుంది, రాత్రి ఫోను ఎవరు ఎత్తుతున్నారు, అయ్యగారిని నిలదీసి అడగగలిగిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా? ఇవి చూడటానికి ఆఫీసు పనుల్లా కనిపిస్తాయి. కానీ కాపరులు, అంటే పాస్టర్లు, కూలిపోయేది ఎక్కువగా ఈ సందుల్లోనే.

బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. కర్మెలు కొండమీద, బయలు అనే దేవత ప్రవక్తలు 450 మంది ఎదుట ఒక్కడే నిలబడి గెలిచాడు. ఆ సాయంత్రమే వాన కురిసింది. రాజు రథానికి ముందు పరుగెత్తుకుంటూ యెజ్రెయేలు చేరాడు. తీరా రాణి యెజెబెలు ఒక్క బెదిరింపు పంపేసరికి ప్రాణభయంతో పారిపోయాడు. బెయేర్షెబాలో తన దాసుణ్ణి కూడా వదిలేసి, ఒంటరిగా అడవిలోకి ఒక దినప్రయాణం పోయి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. ఓటమి తర్వాత కాదు, అంత పెద్ద గెలుపు తర్వాత! మూడు రోజుల మహాసభలు దిగ్విజయంగా ముగిశాక నాలుగో రోజు పాస్టరుగారు ఎందుకు చిరాగ్గా ఉంటారో, ఇంట్లో పిల్లల మీద ఎందుకు విరుచుకుపడతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

దేవుడు ఆయనకేం చేశాడు? ప్రసంగం చేయలేదు, విశ్వాసం తక్కువైందని మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి చూపించాడు. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అన్నది దూత చెప్పిన కారణం. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న వచ్చింది ఆ తర్వాతే, హోరేబు కొండ చేరాకే. చివరికి ఎలీషా అనే తోటిమనిషిని ఇచ్చాడు. నిద్ర, తిండి, మాట, తోడు అన్న ఈ వరసను మనం తలకిందులు చేస్తాం. అలసిపోయిన కాపరికి మొట్టమొదట మాటలే చెబుతాం, "ఇంకా ప్రార్థించండి అయ్యగారూ" అని.

కాబట్టి వారానికి ఒక రోజు సెలవు, పూర్తి రోజు. ఎక్కువమందికి సోమవారం సరిపోతుంది. పెద్ద సభల తర్వాతైతే రెండు రోజులు ఖాళీగా ఉంచాలి, సభల తేదీలు ఖాయం చేసిన రోజే ఆ రెండు రోజులూ డైరీలో సెలవని రాసేయాలి. తర్వాత చూద్దాం అనుకున్న సెలవు రాదు.

మరి ఆ రోజు ఫోనులెవరు ఎత్తాలి? ఈ ప్రశ్నకి జవాబు మోషే మామ యిత్రో ఏనాడో చెప్పాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోషే ఒక్కడే కూర్చుని తీర్పు తీరుస్తుంటే చూసి, "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. "నీవును నీతోనున్న యీ ప్రజలును నిశ్చయముగా నలిగిపోవుదురు" అని కూడా అన్నాడు. ప్రజలు కూడా అన్నమాట. ఒక్కడి కోసం అంతమంది రోజంతా నిలబడి ఎదురుచూడటం వాళ్లకీ మంచిది కాదు మరి. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టమన్నాడు.

మన లెక్కలో చెబుతాను. అరవై కుటుంబాల సంఘం, ఆరుగురు పెద్దలు. ఒక్కొక్కరికి పది కుటుంబాలు. పుట్టినరోజు ప్రార్థన, కొత్త బండి, చిన్న జ్వరం, అత్తాకోడళ్ల మాటపట్టింపు, వీటికి మొదటి ఫోను ఆ పెద్దకే. మరణం, ఆసుపత్రిలో ప్రమాద స్థితి, పోలీసు వ్యవహారం అయితే వేళ ఏదైనా సరే నేరుగా పాస్టరుగారికి. ఈ ఏర్పాటు ఎక్కడ చెడుతుందంటే రెండు చోట్ల. "అయ్యగారు రాలేదు, పెద్దని పంపించి సరిపెట్టారు" అని జనం నొచ్చుకుంటారు. అది పోవాలంటే పెద్దల్ని పక్కన నిలబెట్టుకుని, నాలుగు ఆదివారాలు వరసగా పాస్టరుగారే స్వయంగా చెప్పాలి. రెండోది ఇంకా కష్టం. పెద్ద వద్దన్నదానికి పాస్టరుగారు ఔనంటే, మర్నాటి నుంచి పెద్దకి ఎవరూ ఫోను చేయరు. జనానికి కావలసినవాడిగా ఉండటంలో ఒక రుచి ఉంది. అలసట కన్నా ఆ రుచిని వదులుకోవడమే కాపరికి కష్టమని నా అభిప్రాయం.

ఇక లోపలి సంగతి. వంటమనిషి అందరికీ వడ్డిస్తూ తాను పస్తుండిపోయినట్టు, కాపరి వాక్యం పంచుతూ పంచుతూ తాను ఖాళీ అయిపోతాడు. బైబిలు తెరవగానే కన్ను ప్రసంగానికి మూడు పాయింట్ల కోసం వెతుకుతుంది. ప్రార్థన చేస్తే మైకులో చేసిన ప్రార్థనే. తనని తాను పరీక్షించుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: గడిచిన వారంలో ఎవరికీ చెప్పబోని వాక్యభాగం ఒక్కటైనా చదివానా? లేదన్నది జవాబైతే రోజుకి అరగంట పక్కన పెట్టాలి. చేతిలో పెన్ను ఉండకూడదు, ఫోను వేరే గదిలో ఉండాలి. ఈ నెల ప్రసంగాల్లో లేని పుస్తకం తీసుకోవాలి. ఒక కీర్తన రెండుసార్లు, రెండోసారి బయటికి వినిపించేలా చదవాలి. తర్వాత పది నిమిషాలు ఊరకే కూర్చోవాలి. మొదటి వారం ఆ పది నిమిషాల్లో నిద్ర ముంచుకొస్తుంది. వస్తే రానివ్వండి, ఏలీయాని తలుచుకోండి.

ఈ అరగంట కూడా ఒంటరివాణ్ణి ఎక్కువకాలం నిలబెట్టదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, డోర్నకల్లులో సేవచేస్తున్న ముప్పై అయిదేళ్ల వి.ఎస్. అజరయ్య లేచి, విదేశీ మిషనరీలతో మొహమాటం లేకుండా మాట్లాడారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన అడిగింది తెల్లవారికీ మనవారికీ మధ్య సమానత్వం గురించి. ఈ రోజు ఆ మాట మన కాపరుల నోట వినబడితే దాని అర్థం వేరు. చుట్టూ మూడొందలమంది ఉన్నా, మనసు విప్పి మాట్లాడటానికి ఒక్కరూ లేరని.

ఆ స్నేహితుడు తన సంఘంలోవాడు కాకూడదు, బంధువు కాకూడదు, జీతం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ కాకూడదు. పక్క మండలంలోని మరో శాఖ పాస్టరైతే మరీ మంచిది. నెలకోసారి, రెండు గంటలు, ఎదురెదురుగా. అడగాల్సినవి సూటిగా అడగాలి. ఈ నెల ఎన్ని రాత్రులు సరిగా నిద్రపోయావు? ఇంట్లో ఎవరిమీద గొంతు లేచింది? లెక్క చెప్పలేని డబ్బు ఏమైనా చేతిలో ఉందా? ఫోన్లో భార్య చూస్తే భయపడేది ఉందా? కలిసిన ప్రతిసారీ సేవ విశేషాలే మాట్లాడుకుని టీ తాగి లేస్తుంటే అది స్నేహం కాదు, రిపోర్టు. కాథలిక్ గురువులకు ఏకాంత ధ్యానం వాళ్ల సంఘ ధర్మశాస్త్రంలోనే ఉంది. స్వతంత్ర సంఘాల కాపరులకి ఆ ఏర్పాటు చేసేవాళ్లుండరు. వాళ్లే చేసుకోవాలి, సంఘం ప్రయాణ ఖర్చు ఇవ్వాలి.

డబ్బు దగ్గరికొద్దాం. పెట్టెకి రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో. ఆరాధన అవగానే, జనం ఇంకా ఆవరణలో ఉండగానే, బంధుత్వం లేని ఇద్దరు కోశాధికారితో కలిసి లెక్కపెట్టాలి. అయిదొందల నోట్లు ఇన్ని, రెండొందలవి ఇన్ని, వందలు, చిల్లర అని చీటీ రెండు ప్రతులు రాసి ముగ్గురూ సంతకాలు పెట్టాలి. మర్నాడు బ్యాంకులో వేయాలి. పాస్టరుగారు ఆ బల్ల దగ్గరికే రాకూడదు. "కరెంటు బిల్లు ఇందులోంచే కట్టేద్దాం" అన్న చోట మొదటి చిల్లు పడుతుంది, ఆ తర్వాత ఏ ఆదివారం లెక్కా చీటీతో కలవదు. అపొస్తలుడు పౌలంతటివాడే యెరూషలేము పేదల చందాను ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు, ఎవరూ తప్పు మోపకూడదని. కాపరి జీతం కూడా ఇంత అని రాసి, ఒకటో తారీఖున ఇవ్వాలి. ఎవరి కవరు మందంగా ఉంటే వారి పాపం మీద ప్రసంగం పలచనవుతుంది.

"అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న కీర్తన మాటను ఇక్కడ అడ్డం పెట్టేవారున్నారు. 105వ కీర్తనలో అది అబ్రాహాము సంతతిని బాధించకుండా రాజులకు చేసిన హెచ్చరిక. అభిషిక్తుడైన దావీదు రాజు తప్పు చేసినప్పుడు ఆయన ఎదుటే ప్రవక్త నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. లెక్క అడగటం ముట్టడం కాదు.

ఇంకో రెండు సంగతులు. ఆలోచన చెప్పమని వచ్చినవారితో మాట్లాడేటప్పుడు తలుపు తెరిచి ఉండాలి, మరొకరి కంటికి ఆనుతుండాలి. పిల్లలమీద లైంగిక దాడి సంగతి తెలిస్తే సంఘం పరువని దాచకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయాల్సిందే. రెండోది ఉపవాసం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఉపవాసముండే కాపరుల్లో షుగరున్నవారు ఉన్నారు. మాత్రలు వేసుకుని తినకపోతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా పోతుంది. ముందే డాక్టరుని అడగాలి. నిద్ర పట్టక, ఆదివారం దగ్గరపడేకొద్దీ గుండెల్లో దడ మొదలై, ఇది రెండు వారాలు దాటితే అది విశ్వాసలోపమని కూర్చోకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

మందిరం గేటు దగ్గర బోర్డుమీద ఆరాధన వేళలుంటాయి కదా, దాని కింద కాస్త జాగా ఉంటుంది. పెయింటరుని పిలిచి ఇంకో రెండు వరసలు రాయించండి. "సోమవారం పాస్టరుగారికి సెలవు. అవసరమైతే మీ పెద్దగారికి ఫోను చేయండి." కింద ఆరుగురి నంబర్లు.